అమ్మకో వేళ

ఈ ఏడాది ఏం సాధించాలనుకుంటున్నారని ఇంట్లో పిల్లలున్న ఏ తల్లినైనా అడిగి చూడండి. "పెద్దాడు టెన్త్‌కి వచ్చాడండీ, వాడు గట్టెక్కితే చాలు" అంటుంది. "పాపకి పన్ను మీద పన్ను వస్తోంది, డాక్టరుకి చూపించాలి" అంటుంది. "మామయ్యగారి కంటి ఆపరేషన్ ఈ ఎండాకాలంలోపు అయిపోవాలి" అంటుంది. అన్నీ నిజమైన కోరికలే, అన్నీ అవసరమైనవే. ఒక్కటీ ఆమె పేరు మీద ఉండదు. మరి మీకోసం ఏం అనుకున్నారని రెట్టించి అడిగితే కాస్త తడబడి, "నాకేముందండీ, వీళ్ళంతా బాగుంటే అదే పదివేలు" అంటుంది.

ఆ మాటలో అబద్ధం లేదు. బిడ్డ కడుపునిండా తింటే తల్లికి ఆకలి తీరుతుందన్నది నాకూ అనుభవమే. కానీ ఆ మాట అంటున్న మనిషి ఒకప్పుడు ఏమిటో తెలిసినప్పుడు మనసు కలుక్కుమంటుంది. మా పై అంతస్తులో ఉండే ఆవిడ ఎమ్మెస్సీ మ్యాథ్స్, కాలేజీలో ఫస్టు. ఎదురింటావిడ పెళ్ళికి ముందు వారపత్రికలకి కథలు రాసేది. అచ్చయిన కథల కటింగులు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉన్నాయి. ఇద్దరూ "పిల్లలు కాస్త పెద్దయ్యాక" అంటారు. పిల్లలు కాస్త పెద్దవుతారు. అప్పటికి అత్తమామలు మంచాన పడతారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, పురుళ్ళు. ఆ "కాస్త" ఎప్పటికీ రాదు.

పి. సత్యవతి గారి "ఇల్లలకగానే..." కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఇంటిల్లిపాదినీ అడుగుతుంది, ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె అమ్మ, వదిన, కోడలు, ఇల్లాలు. చివరికి చదువుకునే రోజుల స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తే అప్పుడు గుర్తొస్తుంది. అది చదివి నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు, కంట తడి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఆ కథ చదివినప్పుడల్లా లేచి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది.

ఏం చెయ్యాలన్న దాని గురించి ఏళ్ళ తరబడి ఆలోచించి నేను ఒక అభిప్రాయానికి వచ్చాను. తల్లి తనకంటూ పెట్టుకున్న లక్ష్యం ఆమె పట్టుదల ఒక్కదాని మీదే నిలబడదు. ఇంటి దినచర్యలో దానికంటూ ఒక వేళ ఉండాలి. ఆ వేళలో ఆమె పనిని అందుకునే ఇంకో చెయ్యి ఉండాలి. అన్ని పనులూ అయ్యాక మిగిలిన సమయంలో చేసుకుంటానంటే, అన్ని పనులూ అయిపోయే ఇల్లు నేనింతవరకు చూడలేదు.

మన దేశంలో ఎవరి సమయం దేనికి పోతోందో ప్రభుత్వమే లెక్క తీసింది. 2019లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఇస్తున్నారు. 2024లో మళ్ళీ చేశారు. ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. ఇదీ ఆ పని చేసే మగవాళ్ళ సగటే. చేయనివాళ్ళని ఇందులో కలపలేదు. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, ఇంటికి వచ్చి సరుకులిచ్చే యాప్‌లు ఎన్ని వచ్చినా ఇద్దరి మధ్య తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చి ఆగింది. ఐదేళ్ళలో మనం ఆడవాళ్ళకి దక్కించిన న్యాయం ఒక్క నిమిషం.

ఈ 2019 లెక్కలే సుప్రీంకోర్టు తీర్పులోకీ ఎక్కాయి. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసులో 2021 జనవరిలో తీర్పు వచ్చింది. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు అందులో విడిగా తన అభిప్రాయం రాశారు. గృహిణి చేసే పనులన్నీ వరసగా చెప్పారు: వంట, సరుకులు, శుభ్రత, పిల్లలు, పెద్దవాళ్ళు, ఇంటి బడ్జెట్టు, పల్లెల్లో అయితే వీటికి తోడు నాట్లు, కోతలు, గొడ్లు. నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు ఈ పనికి ఆదాయం కట్టి తీరాలన్నారు. చనిపోయిన గృహిణి శ్రమకి కోర్టు విలువ కడుతోంది. బతికున్న గృహిణి సమయానికి మనం ఇళ్ళల్లో కట్టాల్సిన విలువ ఇంకా బాకీ ఉంది.

పైగా ఆ 289 నిమిషాలు ఒక్కచోట ఉండవు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఏ ఇంట్లోనైనా నిలబడి చూడండి. ఒక పొయ్యి మీద ఇడ్లీ, రెండో పొయ్యి మీద కుక్కర్లో పప్పు. మూడో విజిల్ వచ్చేలోగా పాపకి ఒక జడ అయిపోవాలి. జడ చేతిలో ఉండగానే "బెల్టు బీరువా పక్కన కొక్కేనికి ఉంది చూడు నాన్నా" అని బాబుకి చెప్పాలి. తలుపు దగ్గర వాటర్ క్యాన్ అబ్బాయి, చిల్లర కావాలంటాడు. బాబు బాక్సులో పెరుగన్నం, పాప బాక్సులో పెరుగు పెడితే తినదు కాబట్టి పప్పన్నం. ముందురోజు రాత్రి పది దాటాక స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది: రేపు పసుపు రంగు డ్రెస్సు, తినడానికి ఒక పండు. ఇంట్లో నలుగురి ఫోన్లలోనూ ఆ మెసేజ్ చూసే వీలుంది. పండు గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆమె. ఇలా గుర్తుపెట్టుకోవడం ఏ సర్వే నిమిషాల్లోకీ రాదు. రాత్రి దిండు మీద తల పెట్టాక కూడా ఆ పని నడుస్తూనే ఉంటుంది.

ఇలాంటి మనిషి దగ్గరికి వచ్చి "తెల్లవారుజామున ఐదుకి లేవండి, ఆ గంట పూర్తిగా మీదే" అని చెప్పే సలహాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. ధ్యానం, వ్యాయామం, డైరీ, పుస్తకం, అన్నీ ఆ గంటలోనే. మనకి ఇది కొత్త మాటేమీ కాదు. సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలయ్యే బ్రాహ్మీ ముహూర్తం గురించి మన పెద్దవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ వేళ ప్రశాంతంగా ఉంటుందన్నది నిజమే. అమెరికన్ రచయిత్రి టోని మారిసన్ ప్రచురణ సంస్థలో ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటూ, వాళ్ళు నిద్రలేచేలోపు రాసుకునేది. అంత మనిషి అలా రాసిందని తెలిసినప్పుడు ఎవరికైనా ఉత్సాహం వస్తుంది.

అయినా ఈ సలహాని అందరు తల్లులకీ ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఐదుకి లేవాలంటే పదికల్లా పడుకోవాలి. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పదికి పడుకోవాలంటే తొమ్మిదిన్నరకి వంటిల్లు సర్దడం అయిపోవాలి. తొమ్మిదిన్నరకి ఇంకా భోజనాలే కాని ఇళ్ళల్లో పప్పు నానబోసేదెవరు, పాలు తోడుపెట్టేదెవరు, గ్యాస్ కట్టేసిందో లేదో చూసేదెవరు? ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఐదుకి లెమ్మంటే, ఆమె తనకోసం పెట్టుకున్న గంట ఆమె నిద్రలోంచే తీసుకోవాలి. ఇంట్లో మిగతావాళ్ళ రోజులో ఒక్క నిమిషం కూడా అటూఇటూ జరగదు. తల్లి తన లక్ష్యానికి తన ఒంట్లోంచే అప్పు తెచ్చుకోవాలన్నట్టుంది ఈ లెక్క. పొద్దున్నే లేవడం ఒంటికి పడేవాళ్ళు, రాత్రి పనికి ఇంట్లో తోడున్నవాళ్ళు నిస్సంకోచంగా లేవచ్చు. మిగతావాళ్ళు లేవలేకపోయినందుకు తమని తాము తిట్టుకోవాల్సిన పనిలేదు.

తల్లి తనకోసం ఒకటి కోరుకోవడం ఈ కాలపు పోకడ అనుకునేవాళ్ళకి రాససుందరీదేవి గురించి చెప్పాలనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో, ఆడది చదివితే వైధవ్యం వస్తుందని నమ్మే రోజుల్లో, ఇంటెడు చాకిరీ మధ్య ఆమెకి చదవాలనిపించింది. భర్త చదువుకునే చైతన్య భాగవతంలోంచి ఒక పుట తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి సంపాదించింది. వంట చేస్తూ ఈ అక్షరాన్ని ఆ అక్షరంతో పోల్చుకుంటూ ఎవరికీ తెలియకుండా చదవడం నేర్చుకుంది. పన్నెండు మంది పిల్లల్ని కన్న ఆ తల్లి రాసుకున్న "ఆమార్ జీబన్" బెంగాలీలో తొలి ఆత్మకథగా నిలిచింది.

ఆమెని తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ ఆమె దారిని ఆదర్శమని చెప్పడానికి నాకు నోరు రాదు. పొయ్యి పక్కన దాక్కుని చదవాల్సి రావడం ఆమె గొప్పతనమూ, ఆ ఇంటి లోపమూ. ఈ విషయంలో మన నందిగామలో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ జీవితం నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఆమెకీ చిన్నతనంలోనే పెళ్ళయింది, బడి చదువు లేదు. అయితే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్క ఇంట్లో ఉండి చదువుకుంటూ అక్కకీ చదువు చెప్పాడు. కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలో కూడా ఆమె చదివింది, కథలు రాసింది, ఎందరో స్త్రీల చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది, ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. రాససుందరికీ అచ్చమాంబకీ ఉన్న తేడా పట్టుదలలో లేదు. పక్కన కూర్చుని పుస్తకం తెరిచిన తమ్ముడు ఒకరికి ఉన్నాడు, ఒకరికి లేడు.

నా సంగతి వీళ్ళ పక్కన పెట్టేంతటిది కాదు కానీ, నాకు బాగా తెలిసిన ఇల్లు నాదే కాబట్టి చెబుతాను. నేను పెళ్ళికి ముందు వీణ నేర్చుకున్నాను. నూజివీడులో పనస చెక్కతో చేసిన వీణ, మా నాన్న కొనిచ్చింది. వీణకి ఇరవై నాలుగు మెట్లు, వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు. మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి. వేసవిలో బెజవాడ ఎండకి మైనం మెత్తబడితే మెట్టు కొంచెం కదులుతుంది, స్వరం తప్పుతుంది. అందుకని వీణని వాడినా వాడకపోయినా చూసుకుంటూ ఉండాలి. రోజూ సాధన చేసేవాళ్ళ ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసల మీద తీగ ఒరిపిడికి గట్టిగా గీతలు పడతాయి. కొబ్బరినూనెలో వేళ్ళు ముంచుకుని తీగ మీద నడిపిస్తాం. సాధన మానేస్తే కొన్నాళ్ళకే ఆ గీతలు మాసిపోతాయి. ఇద్దరు పిల్లలు పుట్టాక నా వేళ్ళ మీద కూరల కత్తి గాట్లు, ఆవిరి మచ్చలు ఉన్నాయి కానీ ఆ గీతలు మాత్రం లేవు. వీణ బీరువా పైన గుడ్డ గలేబులో పడుకుని ఉంది.

దాన్ని కిందికి దించాలనుకున్నప్పుడు నేను ముందుగా కూర్చున్నది వీణ ముందు కాదు, మా ఆయన ముందు, మా అత్తగారి ముందు. సాయంత్రం ఏడు నుంచి ఏడూ నలభై దాకా నేను హాల్లో చాప మీద ఉంటాను, ఆ వేళ నన్ను ఎవరూ ఏమీ అడగకూడదు, అడగాల్సినవి ఎవరిని అడగాలో ఇప్పుడే అనుకుందాం అన్నాను. పని పేరు, మనిషి పేరు రాశాం. హోంవర్కు చూడటం, రాత్రి చపాతీలు మా ఆయనవి. గ్రూపులో వచ్చే స్కూలు మెసేజులు కూడా ఆయనవే. నిజానికి ఆ నలభై నిమిషాలకంటే ఆ మెసేజులు నా తలలోంచి పోవడమే నాకు పెద్ద ఊరట. మంచినీళ్ళు, దాహాలు, రబ్బరు కనిపించట్లేదనే గొడవలు అత్తగారివి. "అమ్మాయ్, దీపాలు పెట్టే వేళకి వీణ ఇంట్లో మోగితే మంచిదేలే" అన్నారావిడ. ఆ మాట కోసం నేను ఎంత ఎదురుచూశానో ఆవిడకి తెలియదు.

మొదట్లో పిల్లలకి ఇది అర్థం కాలేదు. తలుపు లేని హాల్లో తల్లి కళ్ళెదురుగా కూర్చుని ఉండగా ఆమెని పిలవకూడదన్న నియమం చిన్నపిల్లలకి కష్టమే. పాప వచ్చి పక్కన కూర్చుని నా మోకాలు మీద తల పెట్టుకునేది. పెట్టుకోనిచ్చాను. మాట్లాడేది కాదు. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో నడుస్తుంటే ఆ వేళకి ఇంట్లో ఒక క్రమం ఏర్పడింది. వీణ చప్పుడు ఆగితే భోజనాలని అందరికీ అలవాటైంది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది ఇదే: ఇంటి గడియారంలో నా పనికి ఒక చోటు వచ్చింది. పాల వేళ, బస్సు వేళ, ట్యూషన్ వేళ ఉన్నట్టే అమ్మ వీణ వేళ ఒకటుంది. దాన్ని ప్రతిరోజూ కొత్తగా అడిగి తీసుకోనక్కర్లేదు.

తప్పిపోయే రోజులు ఉంటాయి. జ్వరాలు, చుట్టాలు, ఆఫీసులో మార్చి నెల. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించి, ఒక పని అలవాటుగా స్థిరపడటానికి ఎంతకాలం పడుతుందో చూసింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరింది. ఇంకొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. మనం తరచూ వినే ఇరవై ఒక్క రోజుల మాటకి ఇందులో చోటు లేదు. తల్లులు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది అందులో: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి పెద్ద నష్టం లేదని వాళ్ళు గమనించారు. పిల్లలున్న ఇంట్లో అప్పుడప్పుడు ఒక రోజు తప్పుతూనే ఉంటుంది. ఒకరోజు తప్పగానే "నా వల్ల కాదు" అని పూర్తిగా వదిలేసుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి. అంత తీరిక లేని రోజుకి ఒక చిన్న కొలత పెట్టుకుంటే ఇంకా మంచిది. నావరకు ఆ రోజు తీగలు శ్రుతి చేసి గలేబు తొడగడమే సాధన.

రోజులే కాదు, ఏళ్ళు తప్పినా తిరిగి రావచ్చనడానికి మన చదరంగ క్రీడాకారిణి కోనేరు హంపిని చూడండి. గుడివాడలో పుట్టి పదిహేనేళ్ళకే, 2002లో, గ్రాండ్‌మాస్టర్ అయింది. 2017లో పాప పుట్టింది. దాదాపు రెండేళ్ళు ఆటకి దూరంగా ఉంది. తిరిగి వచ్చి 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మరోసారి అయింది. ఆ రెండో గెలుపు తర్వాత ఆమె భర్త సహకారాన్ని, తను పోటీలకి వెళ్ళినప్పుడు పాపని చూసుకునే అమ్మానాన్నల్ని తలుచుకుంది. హైదరాబాద్ టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జాకి 2018 అక్టోబరులో బాబు పుట్టాడు. 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్‌తో తిరిగి వచ్చింది. పత్రికలు వీళ్ళ పట్టుదల గురించి పేజీలకి పేజీలు రాశాయి, రాయాల్సిందే. ఆ పేజీల్లో అమ్మమ్మలకీ తాతయ్యలకీ రెండు వాక్యాలు దక్కుతాయి. వచ్చే తరం తల్లులకి ఎక్కువ పనికొచ్చేవి ఆ రెండు వాక్యాలే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తల్లి తనకోసం సమయం తీసుకోవాలని చెప్పేవాళ్ళంతా వెంటనే ఒక సమర్థన జోడిస్తారు. అమ్మ సంతోషంగా ఉంటే ఇల్లు సంతోషంగా ఉంటుంది, తల్లి చదివితే పిల్లలకి చదువబ్బుతుంది, తల్లి ఆరోగ్యమే ఇంటి ఆరోగ్యం. అన్నీ నిజాలే కావచ్చు. కానీ చిన్నాన్న క్రికెట్ చూడటానికి, తాతయ్య పేకాటకి, బాబు బొమ్మలు గీయడానికి ఇలాంటి సంజాయిషీ ఎవరమూ అడగం. వాళ్ళకి ఇష్టం, అంతే. నేను వీణ వాయిస్తే మా పాపకి సంగీతం రావచ్చు, రాకపోవచ్చు. అది నాకు ఇష్టం కాబట్టి వాయిస్తున్నాను. ఆ ఒక్క కారణం చాలదా?

లక్ష్యం ఎంచుకునేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుండాలి. "ఈ ఏడాది కొత్త టిఫిన్లు నేర్చుకుంటాను" అన్నది ఇంటిపనికే ఇంకో పేరు. వంటంటే ప్రాణమైతే అది వేరే సంగతి. "బరువు తగ్గుతాను" అన్నప్పుడు ఎవరి కళ్ళ కోసమో కాస్త ఆలోచించుకోవాలి. ఒంటి కోసమైతే మాత్రం ముందుగా చేయించుకోవాల్సింది రక్తపరీక్ష. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. "ఈ మధ్య ఏ పనీ చెయ్యబుద్ధి కావట్లేదు, బద్ధకం వచ్చేసింది" అని తమని తాము నిందించుకునే తల్లుల్లో ఎందరికి హిమోగ్లోబిన్ తక్కువో! బద్ధకమని పేరు పెట్టుకునే ముందు ఒక్కసారి పరీక్ష చేయించుకోండి.

ఇదంతా హాలు, వీణ, చపాతీలు చేసే భర్త ఉన్న ఇంటి మాట. పొద్దున నాలుగిళ్ళలో పాచిపని చేసి, మధ్యాహ్నం తన ఇంటిపని చేసుకుని, సాయంత్రం మళ్ళీ గిన్నెలకి వచ్చే తల్లికి వేళ ఎవరు ఇస్తారు? ఆ ప్రశ్న నన్ను వదలదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి పదో తరగతి పాసవ్వాలని ఉంది. ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టింది. పుస్తకాలున్నాయి, వేళ లేదు. ఆమెకి వారంలో ఆదివారమే కాక ఇంకో పూట కూడా జీతం కోయకుండా సెలవివ్వడం మేం చేయగలిగిన కనీసపు పని. మా అపార్ట్‌మెంట్‌లో మిగతా ఇళ్ళ వాళ్ళనీ అందుకు ఒప్పించాల్సి వచ్చింది. ఒక్క ఇల్లు ఇస్తే చాలదు, నాలుగూ ఒకే పూట ఇస్తేనే అది సెలవు.

ఇలా ఇంటి బయటి నుంచి తల్లులకి వేళ దక్కడానికి మన రాష్ట్రంలో గొప్ప ఉదాహరణ ఒకటి ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు, పగలంతా పొలం పని చేసిన తల్లులు రాత్రి దీపాల వెలుగులో పలకలు పట్టుకుని కూర్చున్నారు. ఆ రాత్రిబడుల్లోంచే దూబగుంట ఆడవాళ్ళు లేచి సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వచ్చింది. వాళ్ళలో పట్టుదల ఉద్యమానికి ముందూ ఉంది. ఉద్యమం ఇచ్చింది ఒక చోటు, ఒక వేళ, పుస్తకం, చెప్పే మనిషి, పక్కన కూర్చునే తోటి ఆడవాళ్ళు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో వచ్చి, ఇంటర్ చదవనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరిచినప్పుడు ఎందరో తల్లులు ఆదివారాలు తరగతులకి వెళ్ళి పట్టాలు తెచ్చుకున్నారు.

చట్టాలూ ఉన్నాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం ప్రకారం యాభై మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకునే వీలు ఉండాలి. మీ ఆఫీసులో ఉందా? లేకపోతే అడగండి, పదిమంది కలిసి రాతపూర్వకంగా అడగండి. వీధి గ్రంథాలయం రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచమని, పార్కులో దీపాలు వెలిగించమని కార్పొరేటర్ని అడగండి. చీకట్లో నడవడానికి భయపడే తల్లికి "రోజూ అరగంట నడవండి" అన్న సలహా ఎందుకూ కొరగాదు.

ఇది చదువుతున్నవాళ్ళలో తల్లులు ఉంటే నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీకు కావాల్సింది ఏమిటో మీకు తెలుసు. ఒక్కటే ఎంచుకోండి, దాన్ని ఇంట్లో పైకి చెప్పండి. నా విన్నపం మాత్రం ఆ ఇంట్లో మిగతావాళ్ళకి. ఈ ఆదివారం టిఫిన్లయ్యాక మీ అమ్మని, మీ భార్యని, మీ కోడల్ని కూర్చోబెట్టి, ఏం చేయాలని ఉందో అడగండి. "నాకేముంది" అంటే లేచిపోకండి, ఇంకోసారి అడగండి. చెప్పాక, ఆ వేళకి ఆమె చేసే పనుల్లో మీరు చేసేవి ఏవో అప్పుడే, ఆమె ముందే, మీ చేత్తో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.